తూలితే తాగినట్టేనా?

ఒక డ్రైవరు తాగి బండి నడుపుతున్నాడని తేల్చడానికి మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ఒక అంకె పెట్టింది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉండాలి, అది పరీక్షలో తేలాలి. కాలినడకన పోయే మనిషికి మనం ఆపాటి అవకాశం కూడా ఇవ్వం. నాలుగడుగులు వంకరగా పడి, ఒక చెయ్యి గోడ కోసం తడుముకుని, అడిగినదానికి మాట ముద్దముద్దగా వస్తే చాలు. "పొద్దున్నే వేసుకొచ్చాడు" అనేస్తాం. కండక్టరు బస్సు ఎక్కనివ్వడు. అపార్ట్‌మెంటు వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపేస్తాడు. తల్లులు పిల్లల్ని పక్కకు లాక్కుంటారు. పడిపోతే దాటుకుని వెళ్లిపోతాం, కుర్రాళ్లయితే ఫోను తీసి వీడియో పెడతారు.

ఇలా మాట పడుతున్నవాళ్లలో చుక్క ముట్టనివాళ్లు ఉన్నారు. వాళ్లలో ఒక్క కోవకు చెందినవాళ్ల గురించే ఇప్పుడు చెబుతాను. మైటోకాండ్రియా జబ్బు వల్ల నడకలో, చేతుల్లో, మాటలో పట్టు తప్పిన పెద్దవాళ్లు వీళ్లు. ఈ జబ్బు పేరు విన్న కొద్దిమందికి కూడా ఇది పసిపిల్లల జబ్బనే తెలుసు. ఇరవైల్లోనో ముప్పైల్లోనో, నలభై దాటాకనో బయటపడే రకాలు బోలెడున్నాయి. ఉద్యోగం చేసుకుంటూ, పిల్లల్ని బడికి దింపుతూ, అప్పు తీర్చుకుంటూ ఉన్న మనిషికి ఒకరోజు మెట్లు దిగుతుంటే కింది మెట్టు ఎక్కడుందో అందదు.

తిన్న అన్నాన్నీ పీల్చిన ప్రాణవాయువునూ వాడుకుని కణానికి శక్తి తయారుచేసే చోటు మైటోకాండ్రియా. దానికి సొంత డీఎన్ఏ ఉంది. మొత్తం 16,569 అక్షరాలు, 37 జన్యువులు. అది తల్లి నుంచి వస్తుంది. అక్కడ పనిచేసే ప్రొటీన్లలో వెయ్యికి పైగా మాత్రం కణకేంద్రకంలోని డీఎన్ఏ ఆదేశంతో తయారవుతాయి, ఆ డీఎన్ఏ అమ్మా నాన్నా ఇద్దరిదీ. ఈ రెండింటిలో ఎక్కడ తప్పు దొర్లినా శక్తి తగ్గిపోతుంది. మన ఇళ్లలో లో వోల్టేజీ వచ్చినప్పుడు బల్బు మినుకుమినుకుమంటూ వెలుగుతూనే ఉంటుంది, మోటారు మాత్రం పైకి నీళ్లు ఎక్కించదు. ఒంట్లోనూ అంతే. ఎక్కువ శక్తి కావలసిన చోటే ముందు దెబ్బ కనబడుతుంది. మెదడు మన బరువులో 2 శాతమే ఉంటుంది కానీ ఒంటికి అందే శక్తిలో 20 శాతం దాకా అదే లాక్కుంటుంది. అందులో వెనకవైపు ఉండే చిన్నమెదడు మన ప్రతి అడుగునూ ప్రతి వేలి కదలికనూ సరిచూస్తూ ఉంటుంది. దాని కణాలు నీరసిస్తే అడుగు ఎడంగా పడుతుంది, గ్లాసు అందుకోబోయిన చెయ్యి దాని దగ్గరకు వచ్చాకే వణుకుతుంది, నాలుక తడబడుతుంది. డాక్టర్లు దీన్ని అటాక్సియా అంటారు.

ఇంకో రకం తూలుడు ఉంది, చూసేవాళ్లకు ఇది మరీ అర్థం కాదు. పాదం ఎక్కడుందో మెదడుకు కబురు చేసే పొడవాటి నరాలు, వెన్నెముక పక్కన ఉండే వాటి కణదేహాలు దెబ్బతింటే, నేల ఎక్కడుందో కాలికి తెలియదు. అప్పుడు ఆ మనిషి కళ్లతో నడుస్తాడు. కింద చూసుకుంటూ అడుగు వేసినంతసేపూ బాగానే ఉంటాడు. స్నానాల గదిలో తలంటుకుంటూ కుంకుడు నురగ కళ్లలో పడకుండా రెప్పలు మూశాడా, అంతే, కుళాయి మీద పడతాడు. రాత్రి కరెంటు పోతే మంచం నుంచి గుమ్మం దాకా పోవడం గండం. పాదాలు దగ్గరగా పెట్టి కళ్లు మూయించి నిలబెట్టి చూసే పరీక్ష నరాల డాక్టర్లు ఇప్పటికీ చేస్తారు. 19వ శతాబ్దంలో బెర్లిన్‌లో పనిచేసిన మోరిట్జ్ రోంబెర్గ్ పేరే దానికి పెట్టారు. పోల్‌జీ అనే జన్యువు చెడినవాళ్లలో ఈ రకం తరచు కనబడుతుంది. పగలు బజారులో మామూలుగా కనబడ్డ మనిషి రాత్రి పెళ్లి ఊరేగింపులో తూలితే మన లెక్క ఏమిటో వేరే చెప్పాలా?

ఈ జబ్బు రోజంతా ఒక్కలా ఉండదు, అదొక పెద్ద చిక్కు. ఉదయం పూట సరిగ్గా నడిచిన మనిషి సాయంత్రానికి గోడ పట్టుకుంటాడు. జ్వరం వస్తే రెండు వారాలు వెనక్కి పోతాడు. భోజనం ఆలస్యమైతే ఒళ్లు సహకరించదు. అందుకే ఎక్కువసేపు కడుపు మాడ్చుకోవద్దని ఈ జబ్బు ఉన్నవాళ్లకు డాక్టర్లు గట్టిగా చెబుతారు. మన ఇళ్లలో ఏం జరుగుతుంది? "ఒంట్లో బాగుండాలంటే శివరాత్రి ఉపవాసం చెయ్యి తల్లీ, జాగారం కూడా చెయ్యి" అంటారు పెద్దలు. ప్రేమతోనే అంటారు. ఆ కోడలు మర్నాడు లేవలేకపోతే "నిన్న గుడికి బాగానే వచ్చిందిగా" అని అదే నోటితో అంటారు. నిన్న చెయ్యగలిగింది ఇవాళ చెయ్యలేకపోవడం ఈ జబ్బు లక్షణం. మనం దాన్ని నటన అంటాం, బద్ధకం అంటాం, మరీ ఓపిక పోతే వేషాలు అంటాం.

మగవాడు తూలితే తాగుబోతు, సరే. ఆడమనిషి తూలితే మన ఊహలు ఇంకా దూరం పోతాయి. గాలి సోకిందంటారు, దయ్యం పట్టిందంటారు, పెళ్లికాని పిల్లయితే గొంతు తగ్గించి మరోమాట అంటారు. ఆ మాటలు చెవిన పడ్డ ఆమె కర్ర పట్టుకుని బయటకు రావడానికి సిగ్గుపడుతుంది, కర్ర లేకుండా రాలేదు, చివరికి రావడమే మానేస్తుంది. కదలకుండా కూర్చుంటే ఉన్న కండబలమూ పోతుంది. శక్తికి మించకుండా, మెల్లగా, క్రమం తప్పకుండా చేసే వ్యాయామం ఈ జబ్బులో కండరాలకు మేలు చేస్తుందని తేలింది. ఆమె రోజూ ఓ గంట వీధిలో నడవాల్సింది. మన చూపులకు జంకి ఆ గంట పోగొట్టుకుంది. జబ్బు చేసిన నష్టం కొంత, దాని మీద మనం చేసిన నష్టం ఇంకొంత. రెండోదానికి మందు మన దగ్గరే ఉంది కదా.

ఇక తల్లుల సంగతి. మైటోకాండ్రియా డీఎన్ఏ తల్లి నుంచి వస్తుందని డాక్టరు చెప్పగానే ఆ మాట ఇంట్లో నిప్పులా అంటుకుంటుంది. "మీ వైపు నుంచే వచ్చింది" అంటుంది అత్తవారిల్లు. ఆవిడకు ఆవిడ తల్లి నుంచి వచ్చింది, ఆ తల్లికి ఆమె తల్లి నుంచి. ఎవరూ ఎంచుకోలేదు. చాలామంది తల్లుల్లో చెడిన డీఎన్ఏ తక్కువ పాళ్లలో ఉండి ఏ బాధా పెట్టదు, తమలో ఉందనే వాళ్లకు తెలియదు. అండం తయారయ్యేటప్పుడు ఆ పాళ్లు మారిపోతాయి, ఒక బిడ్డకు ఎక్కువ, ఒక బిడ్డకు దాదాపు ఏమీ రాకపోవచ్చు. అదీగాక పోల్‌జీ వంటి కేంద్రక జన్యువుల వల్ల వచ్చే రకాల్లో చాలావరకు అమ్మా నాన్నా ఇద్దరూ చెరొక చెడ్డ ప్రతిని ఇస్తేనే జబ్బు వస్తుంది. మేనరికాలు మనలో ఎక్కువ, అలాంటి పెళ్లిళ్లలో ఇద్దరి దగ్గరా ఒకే చెడ్డ ప్రతి ఉండే అవకాశం పెరుగుతుంది. ఆ సంబంధం కుదిర్చింది పెద్దలు, ఆస్తి బయటకు పోకూడదనుకున్నది పెద్దలు, నింద మాత్రం ఒక్క ఆడమనిషి నెత్తిన. డాక్టరు గదిలో విన్న మాటను పంచాయితీలో ఆయుధంగా వాడుకోవడం పాపం. ఇంతకంటే మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

ఆ వంశవృక్షం వేరే పనికి వస్తే మంచిది. మైటోకాండ్రియా డీఎన్ఏలో 3243వ అక్షరం మారడం వల్ల వచ్చే జబ్బును తీసుకోండి. ఒకే కుటుంబంలో అమ్మకు షుగరూ చెవుడూ ఉండొచ్చు, మేనమామకు వినికిడి తగ్గిపోవచ్చు, పెద్దకొడుకు నడక తప్పొచ్చు, చిన్నకూతురికి చిన్నవయసులోనే పక్షవాతం లాంటిది రావొచ్చు. నాలుగూ ఒకే తీగకు కాసిన కాయలని ఎవరికీ తట్టదు. షుగరుకు ఒక డాక్టరు, చెవికి ఒక డాక్టరు, కాలికి నూనె మర్దనా చేసే వైద్యుడు. ఆపైన రక్తపరీక్ష చేయిస్తే ఏమీ లేదని వచ్చే అవకాశం కూడా ఉంది, ఎందుకంటే ఈ మార్పు పాళ్లు వయసుతో పాటు రక్తంలో తగ్గిపోతాయి. మూత్రంలోనో కండరంలోనో వెతకాల్సి వస్తుంది. "రిపోర్టులన్నీ నార్మలే, మనసు గట్టి చేసుకో" అన్న మాట ఎంతమంది మీద పడిందో. రిపోర్టు మామూలుగా ఉంటే మనిషి అబద్ధం చెబుతున్నట్టే అనుకునే అలవాటు డాక్టర్లలోనూ ఉంది, ఇంటివాళ్లలోనూ ఉంది.

లక్సెంబర్గ్ రాజకుటుంబానికి చెందిన ఫ్రెడెరిక్ పోల్‌జీ జబ్బుతో 2025 మార్చి 1న పారిస్‌లో చనిపోయాడు. వయసు 22. పుట్టుకతో ఉన్న ఆ జబ్బుకు పేరు దొరికేసరికి అతనికి సుమారు 14 ఏళ్లు. డబ్బుకూ డాక్టర్లకూ కొదవలేని ఇంట్లోనే అంత కాలం పడితే, ఆరోగ్యశ్రీ కార్డు పట్టుకుని జిల్లా ఆసుపత్రిలో ఓపీ చీటీ కోసం నిలబడ్డ మనిషికి ఎంత పడుతుందో ఊహించుకోవచ్చు.

పేరు తెలిసి ఏం లాభం, మందు లేదు కదా అంటారు. జబ్బును పూర్తిగా మాన్పే మందు చాలా రకాలకు లేదన్నది నిజమే. కానీ పేరు తెలియకపోతే ప్రాణం పోయే సందర్భాలున్నాయి. పోల్‌జీ చెడినవాళ్లకు మూర్ఛలు వస్తే, మామూలుగా అందరికీ రాసే వాల్ప్రోయేట్ ఇస్తే కాలేయం పూర్తిగా దెబ్బతినొచ్చు. అటాక్సియా అని కనబడే వాటిలో బాగుచేయదగ్గవీ ఉన్నాయి: బి12 లోపం, విటమిన్ ఇ లోపం, కోఎంజైమ్ క్యూ10 తయారీలో పుట్టుకతో వచ్చే లోపం. ఇవి ముందే పట్టుకుంటే మనిషి నిలబడతాడు. తాగుబోతు అని పక్కన పెట్టేసినవాడికి ఈ పరీక్షలు ఎవరు చేయిస్తారు?

హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఉంది. అక్కడి పరిశోధకులు అండమాన్ ఆదివాసుల మైటోకాండ్రియా డీఎన్ఏ చదివి వాళ్ల మూలాల గురించి 2005లో 'సైన్స్' పత్రికలో రాశారు. అదే ఊళ్లో నిమ్స్ ఆసుపత్రి, డీఎన్ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ కలిసి అరుదైన జబ్బుల జాతీయ విధానం కింద కేంద్రంగా పనిచేస్తున్నాయి. 2021 నాటి ఆ విధానం జాబితాలో చేరిన జబ్బులకు ఇప్పుడు 50 లక్షల రూపాయల దాకా సాయం అందే వీలుంది. వేల ఏళ్ల కిందటి తల్లుల జాడ చదవగలిగిన ఊరు మనది. అదే ఊరి బస్టాండులో తూలుతున్న మనిషిని చూసి మనం చదవగలిగింది ఒక్కటే మాట. సిగ్గుపడాల్సింది సైన్సు కాదు.

పెళ్లికి వెళ్దాం. ఫంక్షన్ హాలు స్టేజీకి ఆరు మెట్లు, ఎర్ర తివాచీ, పట్టుకోవడానికి కడ్డీ లేదు. తివాచీ అంచు ఎక్కడో లేచి ఉంటుంది. కింద నిలబడి అక్షింతలు వేస్తే చుట్టాలు ఊరుకోరు, "పైకి రండి, ఫోటో దిగాలి" అంటూ చెయ్యి పట్టి లాగుతారు. లాగితేనే పడేది. దిగొచ్చాక భోజనాలు. బఫేలో ఒక చేతిలో పింగాణీ ప్లేటు, రెండో చేతిలో గరిటె, వెనక నుంచి తోపులాట, కింద సాంబారు ఒలికిన పాలరాయి. చెయ్యి వణికే మనిషికి, కాలు నిలవని మనిషికి ఇంతకంటే కఠినమైన పరీక్ష ఏ ఆసుపత్రిలోనూ పెట్టరు. పప్పు ఒలికితే పక్కనున్న పట్టుచీర మనిషి చూసే చూపు ఒకటి. పంక్తిలో కూర్చోబెట్టి విస్తరి వేసి వడ్డించిన రోజుల్లో ఇలాంటివాళ్లు అందరితో పాటు తిన్నారు, ఎవరికీ తెలియకుండానే. పాతదంతా మంచిదని నేను అనను, ఆ పంక్తుల్లో ఎవరిని కూర్చోనివ్వలేదో నాకు తెలుసు. కూర్చుని తినే నాలుగు బల్లలు వేయడానికి మాత్రం ఏ పెళ్లికీ పెద్ద ఖర్చు కాదు. లక్షలు పోసి పూల మండపం కట్టినవాళ్లం, మెట్ల పక్కన ఒక కడ్డీ పెట్టించలేమా?

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అలా ఇంటి బయట ప్రతిదీ మీద పడుతుంది. ఫుట్‌పాత్ ఉంటే దాని మీద బజ్జీల బండి, లేదా పగిలిన పలక. బస్సు మెట్టు మోకాలి ఎత్తున. కూర్చోకముందే డ్రైవరు గేరు వేస్తాడు, ఆయనకూ టైము తరుముతుంది పాపం. 2024 నవంబర్ 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది: వికలాంగులకు అందుబాటు అన్నది వీలుంటే చేసే దయ కాదు, తప్పనిసరి కనీస ప్రమాణాలు పెట్టాలని, మూడు నెలల్లో నియమాలు రాయాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కేసులో కోర్టు చేతికి నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయంలో ఉన్న వికలాంగుల అధ్యయన కేంద్రం. కోర్టు చెప్పింది, నివేదిక మన ఊరి నుంచే వెళ్లింది. మన వార్డు ఆఫీసు మెట్లకు కడ్డీ పెట్టించమని ఎవరం అడిగాం? అపార్ట్‌మెంటు సంఘం మీటింగులో పెయింటు రంగు గురించి రెండు గంటలు వాదించుకుంటాం. మెట్ల లైటు పోయి నెల అయిందన్న మాటకు ఎవరూ పలకరు.

వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సదరం శిబిరం ఇంకో ముచ్చట. 2016 చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, మైటోకాండ్రియా జబ్బు పేరు వాటిలో విడిగా లేదు, దీర్ఘకాలిక నరాల జబ్బుల్లోనో కదలికల లోపంలోనో ఇమడాలి. రిజర్వేషన్ల వంటి ప్రయోజనాలకు 40 శాతం ఉండాలి. శిబిరానికి పొద్దున్నే వెళ్తాడు మనిషి, అప్పుడే కాస్త బాగుంటాడు. డాక్టరు ముందు నాలుగడుగులు నడుస్తాడు, పరువు కోసం ఇంకాస్త నిటారుగా నడుస్తాడు. శాతం తగ్గిపోతుంది. అదే మనిషి సాయంత్రం ఆటో దిగి ఇంటి గుమ్మం దాకా పోవడానికి కొడుకు భుజం పట్టుకుంటాడు. దొంగ సర్టిఫికెట్ల వల్ల అధికారులు బిగుసుకున్నారన్నది నిజం. ఆ దొంగ సర్టిఫికెట్లు తెచ్చుకున్నదీ, డబ్బు తీసుకుని రాసిచ్చిందీ ఎవరు? మనలోవాళ్లే. కాళ్లున్నవాళ్లు కాళ్లు లేనివాళ్ల పింఛను తింటే, ఆ అనుమానం చివరికి నిజంగా తూలే మనిషి మీదికే వస్తుంది. తెలిసి ఊరుకున్న ప్రతి ఊరికీ అందులో వాటా ఉంది.

కొందరు జేబులో కార్డు పెట్టుకుని తిరుగుతారు, తాము తాగలేదనీ ఇది నరాల జబ్బనీ రాసి ఉంటుంది. మంచి ఉపాయమే, నేను కాదనను. కానీ ఒక మనిషి తన నిర్దోషిత్వాన్ని జేబులో మోసుకుంటూ తిరగాల్సి రావడం ఏ సమాజానికీ గౌరవం కాదు. అసలు ఇంకో మాట అడగాలి. పడి ఉన్నవాడు నిజంగా తాగినవాడే అనుకుందాం. అయితే మాత్రం కాలువ పక్కన వదిలేయొచ్చా? షుగరు పడిపోయినవాడూ అలాగే తూలుతాడు, మాట అలాగే ముద్దగా వస్తుంది. పక్షవాతం మొదలైనవాడికీ అంతే, అతనికి ప్రతి నిమిషమూ విలువైనదే. 108 అంబులెన్సు 2005లో మొదలైంది హైదరాబాద్‌లోనే. మూడంకెలు నొక్కడానికి వాడు తాగాడో లేదో మనం తేల్చక్కర్లేదు, అది వచ్చినవాళ్లు చూసుకుంటారు. తాగాడన్న మాట మనకు అంత తొందరగా నోటికి రావడానికి కారణం ఉంది. ఆ మాట అనేస్తే ఆగక్కర్లేదు. మన పని మీద మనం పోవచ్చు.

అందుకే ఇది జబ్బు ఉన్నవాళ్లకో వాళ్ల డాక్టర్లకో వదిలేసే సంగతి కాదంటున్నాను. ఇంగ్లండ్ ఈశాన్య ప్రాంతంలో లెక్క తీస్తే, జబ్బు ఉన్నవాళ్లూ వచ్చే ప్రమాదం ఉన్నవాళ్లూ కలిపి పెద్దవాళ్లలో సుమారు 4,300 మందికి ఒకరు తేలారు. ఆ పాళ్లు ఇక్కడ ఎలా ఉన్నా, మన ఊళ్లో, మన వీధిలో, మన ఆఫీసులో అలాంటి మనిషి ఉండడానికి వీలుంది. బడిపంతుళ్లు పిల్లలకు చెప్పండి, తూలే మనిషిని వెక్కిరించొద్దని. సినిమా రాసేవాళ్లు నవ్వుల కోసం తూలుడును వాడుకోవడం ఇక మానండి, చాలా ఏళ్లు వాడారు. గుళ్లల్లో, మసీదుల్లో, చర్చిల్లో పెద్దమనుషులు ఉపవాసం గురించి మాట్లాడేటప్పుడు, ఒళ్లు ఒప్పనివాళ్లు తింటే దోషం లేదని ఒక్కమాట కలపండి. సంస్థలు నడిపేవాళ్లు సాయంత్రానికి అలసిపోయే ఉద్యోగికి పొద్దున్న పనిగంటలు ఇవ్వండి. పోలీసు తనిఖీలో యంత్రం సున్నా చూపిస్తే, "మరి ఎందుకు తూలుతున్నావు" అని గద్దించకుండా కుర్చీ వేయండి.

సాయం చేయబోయి మనం చేసే తప్పు ఒకటుంది, అది తెలిసి ఉంటే మంచిది. తూలుతున్నవాళ్లను చూడగానే రెక్క పట్టి లాగుతాం. అలా లాగితే వాళ్లకున్న కాస్త నిలకడా పోతుంది. ముందు పలకరించాలి: "చెయ్యి పట్టుకుంటారా అండీ?" అవునంటే మన మోచెయ్యి చాచి నిలబడాలి, పట్టు వాళ్లది. ఏ వైపు నిలబడాలో వాళ్లే చెబుతారు. వాళ్ల అడుగు ఎంత మెల్లగా ఉంటే మన అడుగు కూడా అంతే మెల్లగా ఉండాలి. నడుస్తుండగా కబుర్లలోకి దించకూడదు, ఎందుకంటే నేల చూసుకుంటూ నడిచే మనిషికి మీ మొహం చూసి బదులు చెప్పడం అంటే కాలు మీద ఉన్న చూపు తియ్యడం. చీకటి పడితే ఫోను లైటు వాళ్ల కళ్లలోకి కాకుండా వాళ్ల పాదాల ముందు నేల మీద వేయాలి. వద్దంటే పక్కకు తప్పుకోవాలి, కోపం తెచ్చుకోకుండా.